తెల్లచుక్క పెట్టిన ప్లగ్గు

కరెంటంటే భయపడేవాడు యాంప్లిఫయర్లు బాగుచెయ్యడమేంటని మీకు నవ్వు రావచ్చు. నాకూ వస్తుంది. రాజమండ్రిలో ఒక వాయిద్యాల షాపు వెనక గదిలో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసి రిటైరయ్యాను. హార్మోనియం మెట్ల దగ్గర్నుంచి ఎలక్ట్రిక్ గిటార్ల దాకా నా చేతిమీద నడిచినవే. అందులో మొదటి ఇరవై ఏళ్ళూ నాకు కరెంటు భయం లేదు. ఒక శ్రావణమాసంలో, పట్టపగలు, పెనుగొండలో మొదలైంది ఆ భయం. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నా దగ్గరికొచ్చి "ఏదైనా చెప్పండి మాస్టారూ" అంటూ ఉంటారు. టంకం ఎలా వెయ్యాలో ఎవరైనా చెబుతారు. నేను ఆ రోజు గురించి చెబుతాను. పేర్లు మాత్రం రాయను.

తొంభైల చివర్లో మా షాపుకి పెనుగొండ నుంచి ఒక బట్టల షావుకారు గారు వచ్చేవారు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ నలగని తెల్ల పంచె, చాలా నెమ్మదైన మాట. ఆయనకి పాత ఎలక్ట్రిక్ గిటార్లంటే పిచ్చి. సరిగమలు కూడా పలికించలేరు, కానీ గిటార్ చేతిలోకి తీసుకుంటే బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవారు. రైల్వే క్వార్టర్లు ఖాళీ చేసి వెళ్ళిపోయే కుటుంబాల దగ్గర, విశాఖపట్నంలో ఓడ దిగిన పనివాళ్ళ దగ్గర, మద్రాసులో మూతపడ్డ బ్యాండ్ల దగ్గర వెతికి వెతికి కొనేవారు. ఇంట్లో మేడమీద పట్టుచీరల బీరువాల్లాంటి అద్దాల టేకు బీరువాలు చేయించి, ఒక్కోదాన్ని కొత్త పంచెల తానులో చుట్టి నిలబెట్టేవారు. మన డెల్టా తేమకి చెక్క ఉబ్బుతుందని మూలమూలనా గుడ్డలో కట్టిన బియ్యం మూటలు పెట్టేవారు.

నెలలో రెండు ఆదివారాలు నన్ను రమ్మనేవారు. తణుకులో బస్సు మారి వెళ్ళేవాణ్ణి. మూడో మనిషి టీచర్ గారు. రాజమండ్రిలో ఒక మిషన్ స్కూల్లో సంగీతం చెప్పేవారు, చర్చిలో గిటార్ వాయిస్తూ పాడేవారు. నలభై ఐదేళ్ళుంటాయేమో. గట్టిగా నవ్వే మనిషి. మా ముగ్గురిలో నిజంగా వాయించగలిగింది ఆవిడొక్కరే. నన్ను 'అన్నయ్యగారూ' అనేవారు.

ఆ ఆదివారాలు నాకెంతో ఇష్టంగా ఉండేవి. ఒక గిటార్ని బల్లమీద పడుకోబెట్టి, మరలు విప్పి, లోపలికి తొంగిచూసేవాళ్ళం. మెడ చెక్క ఒంట్లోకి కూర్చున్న చోట కాగితం ముక్క కూడా దూరేది కాదు. మెట్ల అంచుల మీద వేలు జారిస్తే ఎక్కడా గీసుకునేది కాదు, ఎవరో కూర్చుని ఒక్కో అంచునీ అరగదీశారు. లోపల వైర్లకి ప్లాస్టిక్ కాదు, నూలు తొడుగు. టంకం చుక్కలు నువ్వుగింజల్లా సమానంగా మెరిసేవి. ఒకదాంట్లో తీగచుట్ట కింద పెన్సిల్‌తో రెండు పొడి అక్షరాలు కనిపించాయి. చేసినవాళ్ళెవరో తమ పేరు దాచుకున్నారు.

"చూశారా మేస్త్రీ గారూ, ఎవరూ చూడని చోట కూడా ఎంత శ్రద్ధో," అనేవారు షావుకారు గారు.

"శ్రద్ధ సరేనండి, ఇన్నేళ్ళు చేతుల్లో నలిగింది కాబట్టి ఇంత బాగా పలుకుతోంది," అనేవారు టీచర్ గారు. "మీ బీరువాలో ఇంకో ఇరవై ఏళ్ళుంటే మూగదైపోతుంది."

"మూగదైనా పర్లేదమ్మా, పాడవకూడదు."

ఇలా సాగేది వాదన. నేను ఎటూ చెప్పేవాణ్ణి కాదు. కారణముంది. అంతకు ముందు సంవత్సరం నేనొక తప్పు చేశాను.

ఆయనొక మీగడరంగు గిటార్ నాకిచ్చి, శబ్దం తెగిపోతోంది చూడమన్నారు. శబ్దం అరగంటలో బాగుచేశాను. దాని పాలిష్ నిండా జుట్టంత సన్నటి పగుళ్ళున్నాయి, అక్కడక్కడా పసుపు తిరిగింది. పెద్దమనిషి, సంతోషిస్తారు కదా అని, ఆయన అడక్కుండానే మొత్తం ఉప్పుకాగితంతో రుద్దేసి, మా షాపు పక్కన కార్లకి రంగులేసే అతనిచేత తళతళలాడే రంగు కొట్టించాను. అద్దంలా వచ్చింది. విప్పి చూపించగానే ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారు. ఆ కొత్త రంగు మీద వేలు రాసి అన్నారు:

"దాని వయసు తీసేశారండీ."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఏ పాత వస్తువు పట్టుకున్నా, ఒక్క మర మార్చాలన్నా నా చెయ్యి వెనక్కి పోయేది. ఆయన కూడా ప్రతిసారీ "ఏమీ మార్చలేదు కదండీ?" అని మెల్లగా అడిగేవారు. "లేదండి" అని చెప్పగలిగినప్పుడల్లా నాకు ఊపిరొచ్చేది.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ యాంప్లిఫయర్. ఓడలో పనిచేసి దిగిపోయిన ఒకాయన దగ్గర కొన్నారు. పాత రేడియోల్లోలాంటి గాజు వాల్వులతో నడిచే పాతకాలపుది, ఇనప్పెట్టంత బరువు. దానికి తోడు ఎర్రరంగు గిటార్ ఒకటి. రెండూ కలిపి మోగిస్తే, ఆ గది గోడలకే గొంతొచ్చినట్టుండేది. టీచర్ గారు ఒక్క తీగ మీటి, "అమ్మో, ఇది మనిషండీ!" అన్నారు.

ఒకటే లోపం, వెనకాల గుయ్యిమని హోరు. నన్ను చూడమన్నారు.

వెనక పలక విప్పాను. ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి. ఆ యాంప్‌కి ఎర్త్ వైరే లేదు, రెండు పిన్నుల ప్లగ్గు. హోరు తగ్గడానికని, కరెంటొచ్చే రెండు వైర్లలో ఒకదాని నుంచి ఇనుప చట్రానికి ఒక కండెన్సర్ కలిపారు. మైనం కాగితంలో చుట్టిన వేలెడంత ముక్క. అది గట్టిగా ఉన్నంతకాలం సరే. చెడితే, కరెంటు సరాసరి చట్రంలోకి, చట్రం నుంచి వైరు వెంట గిటార్ తీగల్లోకి, తీగల నుంచి పట్టుకున్న మనిషి వేళ్ళలోకి వస్తుంది. ప్లగ్గు ఒకవైపు పెడితే ఆ ముక్క న్యూట్రల్ వైపు పడుతుంది, ప్రమాదం లేదు. తిరగేసి పెడితే కరెంటుండే ఫేజు వైపు పడుతుంది.

మీటరు పెట్టి చూశాను. ముక్క చెడిపోయింది. మైనం కారి, నల్లబడి ఉంది. ప్లగ్గు తిరగేసి టెస్టర్ ఆనిస్తే, చట్రం మీద ఎర్రగా వెలిగింది.

రెండు నిమిషాల పని. ఆ ముక్క కత్తిరించి పారేసి, మూడు పిన్నుల ప్లగ్గు వేసి, ఎర్త్ ఇస్తే చాలు. నేను కత్తెర కూడా తీశాను. షావుకారు గారు పక్కనే నిలబడి ఉన్నారు.

"ఇది మార్చాలేమోనండి," అన్నాను. మార్చాలి అనలేదు, గమనించండి. మార్చాలేమో అన్నాను.

ఆయన వంగి, ఆ ముక్క మీద చెరిగిపోయిన అక్షరాల్ని చూశారు. "ఇది కూడా అప్పటిదేనా?"

"అప్పటిదేనండి."

"మార్చకపోతే కుదరదా మేస్త్రీ గారూ?"

ఆయన మొహం చూశాను. స్టూలు మీద కూర్చుండిపోయిన రోజు గుర్తొచ్చింది. "ప్రస్తుతానికి పర్లేదండి," అన్నాను. "ప్లగ్గు మాత్రం ఒకేవైపు పెట్టాలి."

తెల్లరంగు తెచ్చి ప్లగ్గుకి ఒకవైపు చుక్క పెట్టాను. ఆ గది సాకెట్లో చుక్క పైకుండేలా పెట్టమని చెప్పాను. అలా పెడితే హోరు కూడా తగ్గింది. ఆయన సంతోషించారు. తిరగేస్తే ఏమవుతుందో ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. టీచర్ గారికీ చెప్పలేదు. బస్సులో వస్తూ, ఆ యాంప్ గది దాటి ఎక్కడికెళ్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అయినా ఆ తర్వాత వెళ్ళిన ప్రతి ఆదివారం, మెట్లెక్కగానే నా చూపు ముందు ఆ ప్లగ్గు మీదికే పోయేది. చుక్క పైకి ఉందని చూశాకే కూర్చునేవాణ్ణి.

శ్రావణమాసం వచ్చింది. షావుకారు గారు కొత్త కొట్టు కట్టి, మంచిరోజు చూసి ప్రారంభం పెట్టుకున్నారు. కార్డు పంపారు. టీచర్ గారి పాట కూడా ఉందని రాశారు. ఆవిడ చర్చి గిటారే తెచ్చుకుంటారనుకున్నాను. రాత్రంతా వాన పడింది. పొద్దున్న బస్సు ఆలస్యమై, నేను దిగేటప్పటికి పదిన్నర దాటింది. గొడుగు ఊతంగా పట్టుకుని, బురదలో నడుస్తూ షామియానా దగ్గరికెళ్ళాను.

వేదిక మీద ఆ యాంప్ ఉంది.

మేడమీది వస్తువుని కిందికి దింపించింది టీచర్ గారి వాదనేనట. "ఈ ఒక్కరోజైనా దాన్ని నలుగురికీ వినిపించండి" అని ఒప్పించారట. ఆయన కూడా ముచ్చటపడ్డారు. నాకెందుకు చెబుతారు? ప్రమాదమని నేను చెబితే కదా.

వేదిక ముందు అమ్మవారి పటం, దీపం. అందుకని టీచర్ గారు చెప్పులు కింద విడిచి, వట్టి కాళ్ళతో ఎక్కారు. పరిచిన తివాచీ రాత్రి వానకి తడిసి నల్లగా ఉంది. ఎర్ర గిటార్ మెడలో వేసుకుని, తీగలు సరిచూసుకుంటున్నారు. ఎదురుగా ఇనుప స్టాండు మీద మైకు. మైకు ఇనుము ఎర్త్‌కి కలిసి ఉంటుంది, కరెంటున్న తీగలు పట్టుకుని దాన్ని తాకితే కరెంటుకి ఒంట్లోంచి దారి దొరికినట్టే.

సరే, ప్లగ్గు చూస్తే చాలనుకున్నాను. చుక్క పైకుంటే ఏమీ కాదు. జనాన్ని తోసుకుంటూ పక్కకి నడిచాను. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. జనం ఉసూరుమన్నారు. వెనకాల ఎవరో జనరేటర్ తాడు లాగారు. షామియానా, మైకులు అద్దెకిచ్చిన సప్లై కంపెనీ ఎలక్ట్రీషియన్ వైర్లన్నీ అటు మారుస్తున్నాడు. ఫ్యాన్లు మళ్ళీ తిరిగాయి. యాంప్ ఎర్రదీపం వెలిగింది. వెలగగానే హోరు. మేడమీద మొదటిరోజు విన్న హోరే, అంతకంటే లావుగా.

టీచర్ గారు తీగల మీద చెయ్యేసి, చటుక్కున తీసేశారు. వేళ్ళు చూసుకున్నారు. చీర చెంగుకి తుడుచుకుని మళ్ళీ వేశారు.

నేను పరిగెత్తాను. వేదిక వెనక్కి, యాంప్ వైరు పట్టుకుని వెతుక్కుంటూ. తడి గడ్డి మీద చెక్క బోర్డు, దాన్నిండా సాకెట్లు. నా ప్లగ్గు గడ్డిలో పడి ఉంది, తెల్లచుక్క పైకి కనిపిస్తూ. దానికి వైరు లేదు. పాతకాలం పిన్నులు ఆ బోర్డులో పట్టక, ఎలక్ట్రీషియన్ ప్లగ్గు కోసేసి, వైరు కొసలు రెండూ సాకెట్లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చాడు. ఏ కొస ఎటు పెట్టాడో అతనికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అతని తప్పేమీ లేదు.

"ఆపవయ్యా!" అని అరిచాను. జనరేటర్ మోతలో నా మాట నాకే వినపడలేదు.

వైరు లాగెయ్యాలి. అంతే. కానీ కొసల దగ్గర రాగి బయటికి కనిపిస్తోంది. నా కాళ్ళ కింద నీళ్ళు. చెప్పులు నానిపోయాయి. నా చెయ్యి ముందుకు పోలేదు. మీకు అబద్ధం చెప్పను. ఇరవై ఏళ్ళు కరెంటుతో పనిచేసినవాణ్ణి, ఒక వైరు ముందు రాయిలా నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు. మైకులో టీచర్ గారి గొంతు వినిపించింది. "అందరికీ నమస్కారం..." ఆ మాట పూర్తికాలేదు. పెదవి మైకుకి తగిలి ఉంటుంది. ఠప్పుమని ఒక చప్పుడు, ఆ వెనక మాట కాని ఒక మూలుగు, స్పీకర్లన్నిట్లోంచీ.

ఆ మూలుగు ఇప్పటికీ కొన్నిసార్లు వింటాను.

గొడుగు కర్రపిడి వైరుకి తగిలించి, ఒక్క లాగు లాగాను. అగ్గిపుల్లలు ఎగిరిపడ్డాయి. మూలుగు ఆగింది. వేదిక మీద ధబ్బుమని పడ్డ చప్పుడు.

నేను పైకెక్కేటప్పటికి ఆవిడ పక్కకి ఒరిగి పడి ఉన్నారు. ఎడమచెయ్యి ఇంకా పిడికిలి బిగిసే ఉంది. గిటార్ ఆవిడ కింద పడి మెడ విరిగింది. షావుకారు గారు పరిగెత్తుకొచ్చారు. నేను ఆయన్నే చూస్తున్నాను, ఎందుకో. ఆయన ఆ గిటార్‌ని చూడనైనా లేదు. విరిగిన మెడని కాలితో పక్కకి నెట్టేసి, మోకాళ్ళ మీద కూలబడి, ఆవిడ తల ఒళ్ళోకి తీసుకున్నారు. "అమ్మా, అమ్మా, ఊపిరి తీసుకో తల్లీ," అని ఏడుస్తున్నారు.

తీసుకున్నారు. దేవుడి దయ.

ఆయన కార్లోనే తణుకు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వెనక సీట్లో ఆవిడ నాడి నేను పట్టుకున్నాను. అది ఉందా, నా వేళ్ళ దడేనా అని దారి పొడుగునా అనుమానం. డాక్టరు గారు చూసి, "అదృష్టం, ఎవరో వెంటనే తప్పించారు," అన్నారు. పై పెదవి కాలింది. ఎడమచేతి రెండు వేళ్ళు మొద్దుబారాయి. తిరిగొస్తాయేమో చూద్దామన్నారు.

ఎవరో వెంటనే తప్పించారట! ఆ మాట ఊరంతా పాకింది. మా షాపు యజమాని నాకు శాలువా కప్పారు. నేను కప్పించుకున్నాను. ఇంటికెళ్ళి దాన్ని మడిచి పెట్టె అడుగున పెట్టాను. అన్నం సయించేది కాదు. షాపులో టంకం ఇనుము పక్కన పెట్టేసేవాణ్ణి. స్విచ్చి వెయ్యాలంటే పక్కవాణ్ణి పిలిచేవాణ్ణి. ఎవరైనా నిజం కనిపెడతారేమోనని ఒక భయం. ఎవరూ కనిపెట్టరేమోనని అంతకంటే పెద్ద భయం.

పదకొండో రోజు టీచర్ గారింటికి వెళ్ళాను. పెదవి మానుతోంది. కాఫీ ఇచ్చారు. కుడిచేత్తో. నేను గ్లాసు కింద పెట్టేసి చెప్పాను. కండెన్సర్ సంగతి, ప్లగ్గు సంగతి, తెలిసి చెప్పకపోవడం, ఆఖరికి ఆ వైరు ముందు నిలబడిపోవడం, అన్నీ.

ఆవిడ తన ఎడమచేతి వేళ్ళు చూసుకున్నారు.

"ముందే తెలుసా అన్నయ్యగారూ మీకు?"

"తెలుసమ్మా."

"ఆ రోజు వేళ్ళు జివ్వుమన్నప్పుడు నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆయన పండగ పాడవుతుందనుకున్నాను. కానీ నాకు తెలియక ఊరుకున్నానండి. మీరు తెలిసి ఊరుకున్నారు."

నేను తలూపాను.

"షావుకారు గారికి చెప్పారా?"

"లేదమ్మా."

"చెప్పండి. చెప్పాక అది బాగుచెయ్యండి. చేశాక నన్ను పిలవండి."

చెప్పాను. ఆయన తలొంచుకుని విన్నారు. "మీరు చెబితే నేను వినేవాణ్ణేనా?" అని తనని తానే అడిగినట్టు అడిగారు. తర్వాత లేచి, కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ నల్లబడ్డ ముక్క కత్తిరించాను. కొత్త మెయిన్ వైరు, మూడు పిన్నుల ప్లగ్గు వేశాను. ఇంటి వెనక గొయ్యి తవ్వించి, బొగ్గూ ఉప్పూ పోసి, ఎర్త్ గట్టిగా పెట్టించాం. మీటరుతో ఒకటికి పదిసార్లు చూశాను. బీరువాల్లో ఉన్న మిగతావీ ఒక్కొక్కటే విప్పాను. మార్చాల్సిన ప్రతిచోటా "ఇది మార్చాలండి" అన్నాను. 'ఏమో' అనలేదు. మీరు కూడా ఆ మాట నేర్చుకోండి. మీటరు కంటే ముందు కావాల్సిన పనిముట్టు అదే. పెద్దమనిషి మొహం చిన్నబోతుంది. చిన్నబోనివ్వండి.

ఆ ఎర్ర గిటార్ విరిగిన మెడ అతికించడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత ఒక ఆదివారం టీచర్ గారు షావుకారు గారి మేడకి వచ్చారు. ఒక వేలికి స్పర్శ తిరిగొచ్చింది, ఇంకోదానికి రాలేదు. గుమ్మంలోనే ఆగి యాంప్‌నీ, దాని ముందు స్టాండు మీద పెట్టిన మైకునీ చూశారు. ఆవిడ మొహంలో నవ్వు లేదు. బల్లమీది మంచినీళ్ళ గ్లాసు తీసుకుని, మైకు ముందు గచ్చు మీద నీళ్ళు ఒంపారు.

"అన్నయ్యగారూ, చెప్పులు తీసి మీరు ముందు నిలబడండి."

నేను చెప్పులు విడిచి ఆ నీళ్ళలో నిలబడ్డాను. గచ్చు చల్లగా ఉంది. గిటార్ మెడలో వేసుకుని, రెండు చేతులూ తీగల మీద పెట్టాను. అంతా సరిగా ఉందని నాకు తెలుసు. చేసింది నేనే.

"పెదవి మైకుకి ఆనించండి."

ఆనించాను. ఇనుము రుచి తగిలింది. షావుకారు గారి చెయ్యి స్విచ్చి మీదుంది. ఆయన టీచర్ గారి వైపు చూశారు. ఆవిడ నా వైపు చూశారు.

"వెయ్యమని మీరే చెప్పండి."

"వెయ్యండి," అన్నాను.

టక్కుమంది. ఏమీ కాలేదు. కాసేపటికి వాల్వులు వెచ్చబడ్డాయి. హోరు లేదు. మైకులోంచి నా ఊపిరి మాత్రం గదంతా వినపడుతోంది, పరిగెత్తుకొచ్చిన మనిషి ఊపిరిలా, తెగుతూ, అతుక్కుంటూ. అంతగా భయపడుతున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. టీచర్ గారు కళ్ళు మూసుకుని ఆ చప్పుడు చివరిదాకా విన్నారు. అది కాస్త నెమ్మదించాక కళ్ళు తెరిచి, మొద్దుబారిన చెయ్యే ముందుకు చాపారు.

"చాలండి. ఇక నాకివ్వండి."